యుక్తాహార విహారాలు

శ్రీమద్భగవద్గీతలో ఆరవ అధ్యాయానికి ఆత్మసంయమయోగమని పేరు. ఇందులో 47 శ్లోకాలు ఉన్నాయి. ధ్యానం చేయదలచినవాడు ఆసనం ఎక్కడ వేసుకోవాలి, శరీరం, మెడ, శిరస్సు ఎలా నిలపాలి, చూపు ఎక్కడ ఉంచాలి అని వివరిస్తూ వచ్చిన భగవానుడు 16వ శ్లోకం దగ్గర భోజనం మాట ఎత్తుకుంటాడు. అతిగా తినేవానికి యోగం సిద్ధించదు, బొత్తిగా తిననివానికీ సిద్ధించదు. అతిగా నిద్రించేవానికీ సిద్ధించదు, అదే పనిగా మేలుకొని ఉండేవానికీ సిద్ధించదు అని ఆ శ్లోకం తాత్పర్యం. ఆహారం, విహారం, కర్మలలో ప్రయత్నం, నిద్ర, మెలకువ ఇవన్నీ యుక్తంగా ఉన్నవానికి యోగం దుఃఖాన్ని పోగొట్టేదవుతుందని 17వ శ్లోకం తాత్పర్యం.

ముప్పై ఏళ్లకు పైగా తెలుగు పండితునిగా పనిచేసిన నేను ఈ రెండు శ్లోకాలను పిల్లలచేత ఎన్నిసార్లు వల్లె వేయించానో లెక్క లేదు. 'అతిగా తినేవానికి' అన్న మాట దగ్గర ఆగి, తిండిపోతుల మీద ఒకటి రెండు చలోక్తులు కూడా విసిరేవాడిని. 'తిననివానికీ' అన్న రెండవ మాట దగ్గర మాత్రం ఎన్నడూ ఆగలేదు. ఆ మాట నన్ను ఉద్దేశించినదని తెలియడానికి నాకు మధుమేహం రావలసి వచ్చింది. ఈ పత్రిక చదివేవారిలో యాత్రలు చేసేవారు, అన్నదానానికి విరాళాలు సమర్పించేవారు, తమ ఇళ్లలో శుభకార్యాలు జరిపించేవారు అధికులు. వారికి కొంత ఉపయోగపడవచ్చునన్న ఆశతో ఆ శ్లోకాల అర్థాన్నీ, నా అనుభవాన్నీ కలిపి మనవి చేస్తున్నాను.

పదవీ విరమణకు కొద్ది నెలల ముందు, నా 58వ ఏట, రక్తపరీక్షలో మధుమేహం బయటపడింది. మూడు నెలల సగటు తెలిపే పరీక్షలో అంకె 8.6 వచ్చింది. వైద్యుడు మాత్రలు వ్రాశాడు. అన్నం తగ్గించి కూరలు పెంచమన్నాడు, తీపి బాగా తగ్గించమన్నాడు, రోజూ అరగంట నడవమన్నాడు. ఆయన చెప్పినది ఇంతే. నేను విన్నది వేరు. జీవితమంతా పిల్లలకు నియమాలు నేర్పినవాడిని కదా, నా మీద నాకు అధికారం చిక్కింది. అన్నాన్ని తూకం వేసి తినసాగాను. గుడిలో ప్రసాదం ఇస్తే చేతులు వెనక్కు పెట్టుకునేవాడిని. పెళ్లిళ్లకు వెళ్లడం మానేశాను, తప్పనిసరి అయితే ఇంటి నుంచి గిన్నె తీసుకువెళ్లేవాడిని. ఎనిమిది నెలలలో తొమ్మిది కిలోల బరువు తగ్గాను. ఆ సంగతి అడిగినవారికీ, అడగనివారికీ చెప్పేవాడిని.

ఆ రోజులలోనే మా బావగారి భీమరథ శాంతి జరిగింది. మా అక్కది అనకాపల్లి దగ్గరి ఒక పల్లె. ఆ ప్రాంతం బెల్లానికి పెట్టింది పేరు. డెబ్బై ఏళ్లు నిండిన భర్తకు చేయించే శాంతికి అక్క స్వయంగా, వంటవారిని నమ్మక, బొబ్బట్లకు పూర్ణం తానే దగ్గరుండి చేయించింది. పంక్తిలో నా విస్తరి దగ్గరకు వచ్చి, "తమ్ముడూ, నీ కోసం చిన్నది చేయించానురా, ఒక్కటి" అంది. నేను అప్పటికే నా గిన్నె మూత తీసి రాగి సంకటి ముందు పెట్టుకొని ఉన్నాను. "నాకు విషం పెట్టకు అక్కా" అన్నాను. పంక్తి అంతా వినేటట్టు అన్నాను. అక్క మాట్లాడలేదు. బొబ్బట్ల పళ్లెం పట్టుకొని పక్క విస్తరికి వెళ్లిపోయింది. నేను ఆ పూట నా నిగ్రహాన్ని తలచుకొని తృప్తిపడ్డాను కూడా.

తరువాత రెండేళ్లు అక్క ఇంటి నుంచి సంక్రాంతికి పిలుపు రాలేదు. మనవరాలి పెళ్లి కుదిరిందని మరొకరి వల్ల తెలిసింది. శుభలేఖ తపాలాలో వచ్చింది. తోబుట్టువును ఇంటికి వచ్చి బొట్టు పెట్టి పిలవడం మా వైపు ఆచారం. ఆ కవరు చేతిలో పట్టుకొని వీధి అరుగు మీద చాలాసేపు కూర్చున్నాను.

ఆ సంగతికి మళ్లీ వస్తాను. అతి ఆహారంలోనే కాదు, నడకలో కూడా చేరుతుందని ముందు చెప్పాలి. భీమరథ శాంతి జరిగిన ఏడాదే ఆషాఢ శుద్ధ చతుర్దశినాడు సింహాచలం గిరిప్రదక్షిణకు వెళ్లాను. తొలిపావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టి బయలుదేరి, కొండ చుట్టూ దాదాపు 32 కిలోమీటర్లు నడిచి మళ్లీ అక్కడికే చేరాలి. రోజుకు అరగంట నడవమన్న వైద్యుని మాటకు నేను చేసిన భాష్యం అది. చెప్పులు లేకుండా, ఎక్కడా కూర్చోకుండా, దారి పొడవునా సేవాభావంతో భక్తులు అందించే మజ్జిగ కూడా పుచ్చుకోకుండా పూర్తి చేశాను. అప్పన్న దయ వల్ల చేరుకున్నాను గాని నా తెలివి వల్ల కాదు. ఎడమ అరికాలిలో బొబ్బ లేచి పగిలిన సంగతి మరునాడు స్నానం చేసేటప్పుడు గాని చూడలేదు. నొప్పి తెలియలేదు. మధుమేహం ఉన్నవారికి పాదాలలో స్పర్శ మందగించవచ్చునని, నొప్పి తెలియకపోవడం ఓర్పు కాదు, రోగలక్షణమని వైద్యుడు గట్టిగా మందలించాడు. పుండు మానడానికి రెండు నెలలు పట్టింది.

వాగ్భటాచార్యులు అష్టాంగహృదయంలోని దినచర్యాధ్యాయంలో వ్యాయామానికి ఒక కొలత పెట్టారు. బలవంతుడు, నెయ్యి నూనెలతో కూడిన పుష్టికరమైన ఆహారం తినేవాడు కూడా చలికాలంలోను, వసంతంలోను తన శక్తిలో సగం మేరకే వ్యాయామం చేయాలి. తక్కిన కాలాలలో ఇంకా తగ్గించాలి. ఆషాఢమాసం చలికాలం కాదు, నేను బలవంతుడినీ కాను, నెయ్యి ముట్టుకొని సంవత్సరమైంది. ఆ గ్రంథం నా బీరువాలోనే ఉంది.

రెండు నెలలు నడక లేక, విసుగు పుట్టి, ఆ మాఘ ఫాల్గుణాలలో వచ్చిన పెళ్లిళ్లన్నిటికీ వెళ్లాను. ఎలాగూ నియమం తప్పిందన్న నిర్లక్ష్యంతో వడ్డించినవన్నీ తిన్నాను. అప్పుడు అంకె 9.2కు చేరింది. శ్లోకంలో చెప్పిన ఇద్దరు అయోగ్యులూ నేనే అయ్యాను.

అక్క పంపిన శుభలేఖ వచ్చేనాటికి మా ఊరి రామాలయ మండపంలో సాయంకాలం పదిమంది పెద్దలకు గీతాభాష్యం చదివి వినిపిస్తున్నాను. 16వ శ్లోకానికి శంకర భగవత్పాదులు శతపథ బ్రాహ్మణంలోని ఒక వాక్యాన్ని ఉదాహరించారు. తనకు సరిపడే కొలతలో తిన్న అన్నం మనిషిని కాపాడుతుంది, హింసించదు, ఎక్కువైనది హింసిస్తుంది, తక్కువైనది కాపాడదు అని దాని భావం. తరువాత యోగశాస్త్రంలోని కొలతను కూడా చూపారు: కడుపులో సగం వ్యంజనాలతో కూడిన అన్నానికి, మూడవ పాలు నీటికి, నాలుగవ పాలు వాయువు సంచరించడానికి. ఇక్కడ గమనించవలసినది ఒకటి ఉంది. శ్రుతి చెప్పిన కొలత 'ఆత్మసమ్మితం', అనగా ఎవరి కొలత వారిదే. నా గిన్నె అక్క ఇంటి పంక్తికంతటికీ కొలమానం కాదు, ఆ పంక్తి కొలత నాకూ కాదు.

17వ శ్లోకంలోని విహారశబ్దానికి వారు చేసిన వ్యాఖ్య చదివినప్పుడు నేను ఆగిపోయాను. విహారమంటే పాదక్రమం అన్నారు, అంటే అడుగులు వేయడం. ఆ ఆహారం, ఆ అడుగులు నియతమైన పరిమాణంలో ఉన్నవాడే యుక్తాహారవిహారుడు. మన తెలుగులో విహారమనగానే షికారు, వినోదం గుర్తుకు వస్తాయి. మాట కాలక్రమంలో మారింది. ఫలాహారం పలారమై, పలారం ఇడ్లీ, ఉప్మాలుగా మారిన వింత మనకు తెలిసినదే. ఏకాదశినాడు అన్నం మాని, అంతకు రెట్టింపు ఉప్మా, సగ్గుబియ్యం పాయసం తిని ఉపవాసమనుకునేవారిలో నేనూ ఒకడిని. అయితే విహారం విషయంలో రెండు అర్థాలూ విడదీయరానివని నాకు తోచింది. నలుగురితో కలిసి సంతోషంగా వేసే అడుగులకు రెండు పేర్లూ సరిపోతాయి. ఇది భాష్యకారుల మాట కాదు, నా ఊహ.

మండపంలో ఒక పెద్దాయన ప్రశ్న వేశాడు. "నియమం నాది, మొగమాటం నలుగురిది. పిలిచినవాడి మనసు నొప్పించకుండా నియమం ఎలా కాపాడుకోవడం పంతులుగారూ?" అన్నాడు. నాకు వెంటనే సమాధానం దొరకలేదు. ఇంటికి వచ్చి భాగవతం నవమస్కంధం తీశాను.

అంబరీషోపాఖ్యానం అందరికీ తెలిసినదే. అంబరీష మహారాజు ఏడాదిపాటు ద్వాదశీవ్రతం చేసి, చివర మూడు రాత్రులు ఉపవసించి, ద్వాదశినాడు పారణకు సిద్ధమవుతుండగా దుర్వాస మహర్షి అతిథిగా వచ్చాడు. భోజనానికి ఒప్పుకొని నదికి స్నానానికి వెళ్లి, తిరిగి రావడం ఆలస్యం చేశాడు. ద్వాదశి కొద్దిసేపే మిగిలింది. తిథి దాటితే వ్రతభంగం, అతిథి కంటే ముందు తింటే ధర్మభంగం. రాజు వ్రతాన్ని వదలలేదు, అతిథినీ వదలలేదు. విజ్ఞులను సంప్రదించి కొంచెం జలం మాత్రం పుచ్చుకున్నాడు. జలపానం తిన్నట్లూ అవుతుంది, తిననట్లూ అవుతుంది. ఆ తరువాతి కృత్య, సుదర్శన చక్రం, మునీంద్రుని పరుగు మనం ఎక్కువగా చెప్పుకుంటాం. నాకు మాత్రం ఆ గుక్కెడు నీరే కథకు ప్రాణమనిపిస్తుంది. చివరకు దుర్వాసుడు తిరిగివచ్చేదాకా సంవత్సరం పాటు రాజు నీటితోనే ఉండి, ముందు ఆయనకు భోజనం పెట్టి, ఆ తరువాత తాను భుజించాడు. అంతటి నియమశీలి అతిథితో 'నా వ్రతం చెడగొట్టకు' అన్నట్టు భాగవతంలో ఎక్కడా లేదు.

ఆ గుక్కెడు నీటి వంటి మార్గం విందులోనూ ఉంటుంది, వెతుక్కోవాలి. వైద్యుని సలహాతో నేను ఏర్పరచుకొన్న పద్ధతి ఇది. మన విందులలో తీపి మొదట వడ్డిస్తారు. దానిని విస్తరిలో ఉంచుకొని, ముందు కూరలు, పప్పు తిని, తరువాత అన్నానికి వస్తాను. తీపి చివరన, సగం మాత్రమే. ఆ సగానికి బదులుగా అన్నంలో ఒక హస్తం తగ్గిస్తాను. తీపి తిన్నంత మాత్రాన అన్నం మామూలుగా తినే హక్కు ఉండదు, లెక్క ఒక్కటే. పూర్ణం బెల్లంతో చేసినది కనుక ఫరవాలేదని చాలామంది ధైర్యం చెబుతారు. బెల్లంలో కూడా అధికభాగం చక్కెరే, రక్తంలో రెండూ ఒకే పని చేస్తాయి. బెల్లం పండే ఊరి అల్లుడైన మా బావగారు ఈ మాట నేటికీ ఒప్పుకోరు. ప్రసాదం విషయం సులభం. ఒక మెతుకైనా, ఒక పలుకైనా ప్రసాదమే. కళ్లకద్దుకొని అంతే నోట వేసుకొని, మిగిలినది పక్కవారికి పంచుతాను. స్వామి సన్నిధిలో చేతులు వెనక్కు పెట్టుకున్న రోజులు తలచుకుంటే నేటికీ సిగ్గు కలుగుతుంది.

నడక సంగతి. మా రామాలయ ప్రాకారం చుట్టూ ఒక ప్రదక్షిణానికి నా అడుగులతో 140 పడుతుంది. పదకొండు ప్రదక్షిణలకు 1540 అడుగులు, కొంచెం చురుకుగా నడిస్తే పావుగంట. ఉదయం ఒకసారి, సాయంత్రం ఒకసారి చేస్తే అరగంట. వారానికి ఐదు రోజులు చేసినా, పెద్దవారికి ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించే 150 నిమిషాల కనీస నడక పూర్తవుతుంది. ఒంటరిగా నడిచిన రోజులలో ఎన్నోసార్లు ఎగగొట్టాను. ఇప్పుడు మండపంలోని వారిలో ఆరుగురం కలిసి నడుస్తున్నాం. ఒకరు రాకపోతే మిగిలినవారు వారి ఇంటి తలుపు తడతారు, కనుక ఎగగొట్టడానికి వీలుపడదు. భోజనం తరువాత రాజువలె కొంతసేపు కూర్చొని, ఆపైన నూరడుగులు వేయమని సుశ్రుతుడు చెప్పాడు. భోజనానంతరం కొద్దిసేపు నడిస్తే రక్తంలో చక్కెర ఉవ్వెత్తున లేవకుండా ఉంటుందని నేటి వైద్యులూ అంటున్నారు. పెళ్లివారి ఇంట ఇది మరీ సులభం. తాంబూలం పుచ్చుకొని కుర్చీలో కూలబడకుండా, పరిచయస్థులను పలకరిస్తూ పందిరి చుట్టూ తిరగడమే.

కొండలకు నడిచి వెళ్లే యాత్రికులకు ఒక మాట. తిరుమలకు శ్రీవారి మెట్టు మార్గంలో 2388 మెట్లు, అలిపిరి మార్గంలో సుమారు 3550 మెట్లు. మధుమేహానికి మాత్రలు గాని, ఇన్సులిన్ గాని తీసుకునేవారు ఖాళీ కడుపుతో ఎక్కితే చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు. వణుకు, చెమట, తడబాటు కనిపిస్తే అది భక్తి పారవశ్యమని పొరపడరాదు. వెంటనే కూర్చొని గ్లూకోజు గాని, పంచదార గాని నోట వేసుకోవాలి. అవి సంచిలో ఉండాలి. ఉత్తకాళ్లతో నడిచే మొక్కు ఉన్నవారు ముందుగా వైద్యునికి పాదాలు చూపించుకోవాలి, దారిలో ప్రతి మజిలీలోనూ అరికాళ్లు తడిమి చూసుకోవాలి. ఏకాదశీ ఉపవాసం కూడా ఇంతే, మాత్రల మోతాదు వైద్యునితో మాట్లాడిన తరువాతే. గుండెజబ్బు ఉన్నవారి విషయం చెప్పనక్కరలేదు. మొక్కు చెల్లించే మార్గాలు స్వామి దగ్గర చాలా ఉన్నాయి.

విందు పెట్టేవారికి కూడా ఒక విన్నపం. కొసరి కొసరి వడ్డించడం మన సంస్కృతిలో సౌందర్యం. బఫే బల్లల ముందు పళ్లెం పట్టుకొని నిలబడే రోజులలో అది మరీ అపురూపం. అయితే దేశంలో 10 కోట్లకు పైగా జనం మధుమేహంతో ఉన్నారని భారత వైద్య పరిశోధన మండలి ఆధ్వర్యంలో జరిగి 2023లో వెలువడిన అధ్యయనం తేల్చింది. అంటే మీ పంక్తిలో కూర్చున్నవారిలోనూ కొందరు తప్పక ఉంటారు. అందరూ నాలా గిన్నె తెచ్చుకొని చాటుకోరు. వడ్డించేవారు ఒక్క క్షణం ఆగి అడిగితే చాలు. బొబ్బట్లు చిన్నవిగా చేయించవచ్చు, కూరలు రెండు ఎక్కువ చేయించవచ్చు. అన్నదానానికి విరాళమిచ్చేవారు ఒక రోజు కూరగాయల కోసమని ప్రత్యేకంగా ఇవ్వవచ్చునేమో ఆలోచించాలి.

ఇక అక్క మనవరాలి పెళ్లి. శుభలేఖ అందిన మూడవ నాడే, పెళ్లి ఇంకా పదిరోజులుండగా, పిలవకుండానే వెళ్లాను. అక్క వాకిట్లో పసుపు కొమ్ములు దంచిస్తోంది. నన్ను చూసి, "గిన్నె తెచ్చుకున్నావా?" అంది. తేలేదన్నాను. పంక్తిలో నేనన్న మాట తప్పని చెప్పాను. చెప్పడానికి నాలుగు వాక్యాలు సిద్ధం చేసుకొని వెళ్లాను గాని ఒక్కటే బయటికి వచ్చింది. అక్క విననట్టే లోపలికి వెళ్లి కుంకుమ భరిణె తెచ్చి నా నుదుట బొట్టు పెట్టి, "పెళ్లికి రా" అంది.

పెళ్లినాడు పంక్తిలో అక్కే బొబ్బట్టు తెచ్చింది. నేను సగం చాలన్నాను. ఆమె చేత్తో రెండుగా తుంచి ఒక సగం నా విస్తరిలో వేసి, రెండవ సగం చేతిలోనే ఉంచుకుంది. ఆ సగం ఎవరికని అడిగాను.

"నాకే. నాకూ ఉందిరా, ఆరేళ్లయింది. మీ బావకు తప్ప ఎవరికీ చెప్పలేదు" అంది.

లెక్క వేసుకున్నాను. భీమరథ శాంతినాటికే ఆమెకు ఉంది. నా కోసం చేయించానన్న ఆ చిన్న బొబ్బట్టు కొలత ఎక్కడి నుంచి వచ్చిందో నాకు అప్పుడు తెలిసింది.

భోజనాలయ్యాక ఇద్దరం చెరువు గట్టు వరకు నడిచాం. అక్కకు మోకాళ్ల నొప్పి, నెమ్మదిగా నడుస్తుంది. దారిలో బెల్లం ధర, పిల్ల అత్తవారి మంచీ చెడూ, మా అమ్మ చేసే అరిసెలు, ఆమె మాత్రల పేర్లు, నా మాత్రల పేర్లు చెప్పుకున్నాం. తిరిగివచ్చేసరికి రెండవ పంక్తి కూర్చుంటోంది, వడ్డనకు మనుషులు చాలక బావగారు కేకలు వేస్తున్నారు. నేను కండువా నడుముకు బిగించి పులిహోర బకెట్టు అందుకున్నాను.